పట్టీ మీద రెండో గీత: మా కోళ్ల ఫారంలో గడిచిన ఒక వారం

ద్వారకా తిరుమలకు కాస్త ఇవతల, మెట్ట ప్రాంతంలో మాకు రెండు షెడ్ల లేయర్ ఫారం, అంటే గుడ్లు పెట్టే కోళ్ల ఫారం ఉంది. ఒక్కో షెడ్డులో 4,800 కోళ్లు. 2025 ఫిబ్రవరి రెండో వారంలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ చనిపోయిన కోళ్లలో ఉన్నది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరసేనని భోపాల్‌లోని ప్రయోగశాల తేల్చిన తరువాత, మా వైపు ఫారాలవాళ్లం ఎవరమూ సరిగ్గా నిద్రపోలేదు. వ్యాధి నిర్ధారణ అయిన చోటి నుంచి ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చిపెడతారు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటుంది. మా ఫారానికి అరకిలోమీటరు దూరంలో మా బావగారి ఫారం ఉంది. అంటే మా షెడ్డులో జబ్బు తేలితే ఆయన కోళ్లు కూడా పోతాయి.

నెలాఖరులో ఒక సోమవారం ఉదయం, రెండో షెడ్డు చూసే కుర్రాడు వచ్చి, "పదకొండు పోయాయండి" అన్నాడు. మామూలుగా మా షెడ్డులో రోజుకు రెండో మూడో చనిపోతాయి. అప్పటికి వారం కిందట, మందుల దుకాణం నుంచి బర్డ్ ఫ్లూ పరీక్ష పట్టీల పెట్టె ఒకటి తెచ్చి ఉంచుకున్నాను. చూడడానికి కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న పరీక్ష పట్టీలాగే ఉంటుంది: ఒక చిన్న గుంట, దాని పైన కిటికీ, కిటికీలో రెండు గీతలకు చోటు. పై గీత పట్టీ పనిచేసిందని చెబుతుంది. కింది గీత పడితే వైరస్ ఉన్నట్టు. ఇంత తేలికైన దానికి డాక్టరు గారిని పిలవడమెందుకని నేనే చేసేశాను.

ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజు నేను చేసినదానిలో సరైనది దాదాపు ఏదీ లేదు. చచ్చిన కోళ్లను అప్పటికే గోతిలో వేయించాను కాబట్టి, వాటి పక్క గదుల్లో బాగానే మేత తింటున్న రెండు కోళ్లను పట్టుకుని, దూదిపుల్లను మలద్వారంలో పైపైన తిప్పి తీశాను. గొంతులో నుంచి తీయనేలేదు. పుల్లను ద్రావణం సీసాలో రెండుసార్లు ముంచి, నాలుగు చుక్కలు గుంటలో వేసి, పదిహేను నిమిషాలు చూశాను. ఒకే గీత పడింది. ఊపిరి పీల్చుకుని, ఆ పట్టీని స్టోరు గది కిటికీ గట్టు మీద పెట్టేసి, గుడ్ల బండిని పంపించేశాను.

సాయంత్రం మళ్లీ స్టోరు గదిలోకి వెళ్లినప్పుడు, రెండో గీత ఉండవలసిన చోట బూడిదరంగులో సన్నని చార కనిపించింది. కాళ్లు వణికాయి. పట్టీని దీపం కిందికి, కిటికీ దగ్గరికి, మళ్లీ దీపం కిందికి తిప్పి తిప్పి చూశాను. ఒక వైపు నుంచి కనబడేది, మరొక వైపు నుంచి కనబడేది కాదు. బావగారికి ఫోను చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బావా, రెండు రోజులు ఆగి చూడు. ఇప్పుడే బయట పెట్టకు" అన్నారు. ఆయనను తప్పు పట్టను, ఎందుకంటే నా మనసులో ఉన్నది కూడా అదే మాట. చంపించిన కోళ్లకు పరిహారం వస్తుంది గానీ అంతకుముందే చచ్చిన వాటికి రాదు. అది తెలిసి కూడా దాచిపెట్టాలన్న ఆలోచన మనిషికి వస్తుంది. మంగళవారం అలాగే గడిపాను. ఆ రోజు 27 కోళ్లు పోయాయి.

బుధవారం తెల్లవారేసరికి లెక్క 64కు చేరింది. గుడ్లు 145 ట్రేల నుంచి 98 ట్రేలకు పడిపోయాయి. వచ్చిన గుడ్లలోనూ కొన్నిటికి పెంకు లేదు, చేతిలోకి తీసుకుంటే తోలుసంచిలా సాగాయి. కొన్ని కోళ్లు నోరు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నాయి. పెంట ఆకుపచ్చగా, నీళ్లలా ఉంది. ఇక ఆగలేక పశువైద్యుడు గారికి ఫోను చేశాను. అంటువ్యాధి అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యత అని 2009 నాటి చట్టం చెబుతుందని ఆయన గుర్తు చేసి, నేను చెప్పిన పట్టీ కథంతా విని, "ఇరవై నిమిషాలు దాటాక పట్టీని చూడకూడదండి. తడి ఆరేటప్పుడు అలాంటి చారలు పడుతూనే ఉంటాయి" అన్నారు. ఆ ముక్క పెట్టెలో ఉన్న కాగితం మీద అచ్చయ్యే ఉంది. నేను చదవలేదు.

ఆయన వచ్చినప్పుడు మొదట చేసిన పని, ఎవరినీ షెడ్డులో నుంచి బయటకు పోనివ్వకపోవడం. రెండో షెడ్డు కుర్రాడు మొదటి షెడ్డులో అడుగు పెట్టకూడదన్నారు. గుడ్ల ట్రేలు, పెంట బండి, ముసలి కోళ్ల అమ్మకం అన్నీ ఆపించారు. చచ్చిన కోడిని కోసి చూపిస్తారేమో అనుకున్నాను. మామూలు రోజుల్లో అయితే కందనకాయకు పైనున్న జఠరంలో రక్తపు చుక్కలు ఉన్నాయేమో కోసి చూసేవారు. ఆ రోజు కోయనన్నారు. బర్డ్ ఫ్లూ అనుమానం ఉన్నచోట షెడ్డులో కోడిని కోస్తే వైరస్‌ను చేతులారా చల్లినట్టే అవుతుందట. పైగా ఆ రక్తపు చుక్కలు బర్డ్ ఫ్లూలోనూ పడతాయి, రాణీఖేత్‌లోనూ పడతాయి కనుక, కోసినా తేలేది పెద్దగా ఉండదట. రాణీఖేత్ అంటే మా పెద్దవాళ్లు కొక్కెర తెగులు అనే జబ్బే.

ముఖానికి మాస్కు, కళ్లకు అద్దాలు, ఒంటికి తెల్లని కవరు తొడుక్కుని ఆయన నమూనా తీసిన తీరు చూశాక గానీ నా పరీక్ష ఎంత పనికిమాలినదో నాకు అర్థం కాలేదు. ఎంచుకున్నది ఆరోగ్యంగా ఉన్న కోళ్లను కాదు; మూలన ముడుచుకుని కూర్చున్నవాటిని, ఆ తెల్లవారుజామునే చచ్చి ఇంకా ఒళ్లు చల్లబడని వాటిని. కుర్రాడు కోడి రెక్కలు దగ్గరగా పట్టుకుంటే, ఆయన ముక్కును తెరిచి, నాలుక వెనుక గాలిగొట్టం మూత తెరుచుకునే క్షణం కోసం ఆగి, పుల్లను లోపలికి దించి, గోడలకు ఆనించి తిప్పి తీశారు. మరో పుల్లతో మలద్వారంలో, పెంట అంటేదాకా. పట్టీ పరీక్షకు వైరస్ దండిగా దొరకాలని, కొద్దిపాటిగా ఉంటే అది పట్టలేదని, అందుకే ఒక గీత పడినంత మాత్రాన జబ్బు లేదని అనుకోకూడదని ఆయన పని చేస్తూనే చెప్పారు. రెండో గీత పడినా అది హెచ్5ఎన్1 అని చెప్పదు. ఆ పట్టీ గుర్తించేది ‘ఎ’ (A) అనే రకానికి చెందిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లన్నిటిలోనూ ఉండే ఒక ప్రోటీనును. మన దేశంలో కోళ్లలో అక్కడక్కడా తిరిగే తేలికపాటి హెచ్9ఎన్2కు కూడా అదే గీత పడుతుంది.

నాలుగు కోళ్ల నుంచి తీసిన నమూనాలతో నాలుగు బర్డ్ ఫ్లూ పట్టీలు, నాలుగు రాణీఖేత్ పట్టీలు వరసగా స్టూలు మీద పరిచారు. ఫోనులో అలారం పెట్టారు. ఎండ నేరుగా పడకుండా అట్టముక్క అడ్డం పెట్టారు. బర్డ్ ఫ్లూ పట్టీలు నాలుగింటిలోనూ ఒక గీతే. రాణీఖేత్ పట్టీల్లో రెండింటిలో రెండో గీత మెల్లగా ఎర్రబడింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. డాక్టరు గారి ముఖంలో మాత్రం మార్పు లేదు. "లసోటా ఎప్పుడు వేశారు?" అని అడిగారు. అది రాణీఖేత్ రాకుండా వేసే టీకా. రెండు షెడ్లకూ ఐదు రోజుల కిందటే నీళ్లలో కలిపి పట్టించాం. ఆయన ఏమీ మాట్లాడకుండా కొత్త దుస్తులు, కొత్త చేతి తొడుగులు వేసుకుని, ఒక్క చావూ లేని మొదటి షెడ్డుకు వెళ్లి రెండు కోళ్ల గొంతు నమూనాలు తీసుకొచ్చి పరీక్షించారు. అందులో ఒకదానికి కూడా సన్నగా రెండో గీత పడింది. లసోటా బతికున్న వైరస్‌తో చేసిన టీకా. టీకాలో వేసిన వైరస్ ఏదో, షెడ్డులోకి చొరబడిన వైరస్ ఏదో పట్టీకి తెలియదు. కాబట్టి ఆ ఎర్ర గీత మా రోగం పేరు చెబుతోందో, మేం వేసిన మందు పేరే చెబుతోందో ఆ సాయంత్రం ఎవరూ చెప్పగలిగే స్థితిలో లేరు.

నమూనాలను మందునీళ్లున్న సీసాల్లో వేసి, మూడు వరసల పొట్లం కట్టి, ఐసు పెట్టిన పెట్టెలో పశుసంవర్ధక శాఖ మనిషి చేతికిచ్చి ప్రయోగశాలకు పంపించారు. ఐదారు ఆరోగ్యమైన కోళ్ల నుంచి రెక్క కింద నరంలో రక్తం కూడా తీశారు. ఆ తరువాత నాలుగు రోజుల గురించి ఎక్కువ రాయను. రోజూ లెక్క రాయడం, గోతిలో సున్నం చల్లడం, బావగారి ఫోను ఎత్తడం, ఇంతే. ఆయన ఒకరోజు మాత్రం తన షెడ్డు నుంచి కూడా నమూనాలు తీయమని తానే డాక్టరు గారిని అడిగారు.

ఆదివారం సాయంత్రం ఫలితం వచ్చింది. బర్డ్ ఫ్లూ లేదు. రాణీఖేత్ ఉంది, అది టీకా వైరస్ కాదని, ప్రాణం తీసే రకమని జన్యుపరీక్షలో తేలింది. ఆ రెండు రకాలకూ తేడా వైరస్ పైనున్న ఒక ప్రోటీను తెగే చోట ఉంటుందని, పీసీఆర్‌లో ఆ ముక్కను చదివితేనే తెలుస్తుందని డాక్టరు గారు వివరించారు.

అయితే టీకా వేసిన కోళ్లకు జబ్బు ఎలా వచ్చింది? రక్త పరీక్షలో మొదటి షెడ్డు కోళ్లకు రక్షణ సమంగా ఉంది. రెండో షెడ్డులో కొన్నిటికి ఉంది, కొన్నిటికి దాదాపు లేదు. డాక్టరు గారు కుర్రాడిని పిలిచి, టీకా కలిపే రోజు ఏమేం చేస్తాడో మొదటి నుంచి చెప్పమన్నారు. మా బోరు నీళ్లలో బ్లీచింగ్ కలుపుతాం. టీకాకు ముందు దాన్ని ఆపి, లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే మిగిలిన క్లోరిన్ విరుగుతుంది, లేకపోతే టీకాలోని వైరస్ ట్యాంకులోనే చస్తుంది. పాలపొడి మొదటి షెడ్డు ట్యాంకుకే సరిపోయేదట. "రెండు సార్లయిందండి, అయిపోయిందని చెబుదామనుకుని మరిచిపోయాను" అన్నాడు. వాడిని ఏమనగలను? పాలపొడి పొట్లం రెండు ట్యాంకులకు సరిపోదని లెక్క వేయవలసినది నేను. కారణం ఇదొక్కటేనని ఖాయంగా చెప్పలేమని డాక్టరు గారు అన్నారు, కానీ నాకు అనుమానం లేదు.

రాణీఖేత్‌కు మందు లేదు. మొదటి షెడ్డుకు ఆయన దగ్గరుండి మళ్లీ టీకా వేయించారు. రెండో షెడ్డులో విటమిన్లు, ఎలక్ట్రోలైట్లు ఇస్తూ చావులు తగ్గేదాకా చూశాం. మొత్తం 1,140 కోళ్లు పోయాయి. బతికినవాటిలో కొన్ని మెడలు వెనక్కి తిరిగిపోయి నీటి నిపుల్ అందుకోలేకపోతే వాటినీ తీసేయవలసి వచ్చింది. గుడ్లు ఏడో వారానికి గాని 100 ట్రేలు దాటలేదు, అవి కూడా చాలాకాలం ముడతలు పడిన పెంకులతోనే వచ్చాయి. ఆ ట్రేలను వ్యాపారి విడిగా, తక్కువ ధరకు రాసుకున్నాడు.