ఆడలేక మద్దెల ఓడు: నా మృదంగం తొమ్మిది నెలల లెక్క

జూన్ చివరి వారం

మా అమ్మాయిని కూచిపూడి క్లాసులో దింపి, బయట మెట్ల మీద గంటన్నర సేపు ఫోన్ చూస్తూ కూర్చోవడం రెండేళ్లుగా నా డ్యూటీ. ఆ రోజు లోపల స్పీకర్ బదులు నిజం మృదంగం మోగింది. వార్షికోత్సవం రిహార్సల్ అట. స్పీకర్‌లోది చెవి దగ్గరే ఆగిపోతుంది. ఇది నేను కూర్చున్న మెట్టులోంచి తొడదాకా వచ్చింది. అంతా అయ్యాక మృదంగం మాస్టారి దగ్గరికెళ్లి, "నలభై రెండేళ్లండీ నాకు, ఇప్పుడు మొదలుపెడితే వస్తుందా?" అని అడిగాను. "రోజూ ముప్పావు గంట కూర్చోగలవా? వయసు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

జూలై

వాయిద్యం కొనేముందు తేల్చుకోవాల్సింది శ్రుతి, అంటే పాడేవాళ్ల గొంతుకి సరిపడే ఆధార స్వరం. అంకె పెరిగేకొద్దీ స్వరం పైకి. ఒకటి, ఒకటిన్నర శ్రుతికైతే 24 అంగుళాల పొడవుది కావాలి. నాలుగున్నర, అయిదు శ్రుతికి 22 అంగుళాలది. పొడవు పెరిగితే మృదంగం గొంతు బరువెక్కుతుంది. మగవాళ్ల పాటకి సాధారణంగా మొదటిది, ఆడవాళ్ల పాటకి రెండోది. నేను పొడుగుదే తీసుకున్నాను. పాతది, పనస కర్ర, తొమ్మిది వేలు. పాతది కొనేటప్పుడు తోలు సంగతి వదిలేసి కర్ర చూడమన్నారు మాస్టారు. ఎండలోకి తీసుకెళ్లి చుట్టూ తిప్పి వెంట్రుకంత బీట కూడా లేదని చూసుకున్నాకే డబ్బులిచ్చాను. తోళ్లు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, బీటపడిన కర్రని మాత్రం ఏం చేయలేం.

ఇంకో మాట. ఇప్పుడు తోలు వార్ల బదులు నట్లు, బోల్టులు ఉన్నవి దొరుకుతున్నాయి. స్పానర్ తిప్పితే శ్రుతి మారుతుంది. కాస్త బరువు, చూడ్డానికి మోటారు సామానులా ఉంటుంది. అందం చూసి నేను వార్లదే కొన్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మాత్రం బోల్టులదే కొనమంటాను, ఎందుకో అక్టోబరులో తెలుస్తుంది.

ఆగస్టు

త, ధి, తొం, నం. నెలంతా ఈ నాలుగే. 'త' ఎడమ చెయ్యి మూసి కొట్టేది, 'తొం' అదే చెయ్యి కొట్టి వెంటనే వదిలేసేది. 'ధి' కుడివైపు తోలు మధ్యలో ఉండే నల్లటి ముద్ద, అంటే కరణ మీద, వెనక మూడు వేళ్లతో. ఈ మూడూ వారంలో వచ్చాయి. 'నం' దగ్గర ఆగిపోయాను. ఉంగరం వేలు కరణ అంచున ఆనీ ఆననట్టు ఉండాలి, చూపుడు వేలు బయటి తోలు అంచుని కొట్టి వెనక్కి రావాలి. ఉంగరం వేలు నొక్కితే టక్ మని చస్తుంది, తీసేస్తే బోలుగా మోగుతుంది. ఈ రెండింటికీ మధ్య బియ్యపు గింజంత చోటుంది, అక్కడే 'నం' ఉంది. నాకది పద్దెనిమిదో రోజు ఒకసారి దొరికింది. మర్నాడు మళ్లీ లేదు.

చూపుడు వేలు మొదటి కణుపు వాచింది. కొబ్బరినూనె రాసి రెండు రోజులు ఆగాను. లయ కొట్టే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుని, ఒక్కో దెబ్బకి ఒక్కో సొల్లు (త, ధి లాంటి మృదంగం అక్షరం). వేగం పెంచాలని చెయ్యి లాగుతుంది, పెంచకూడదు.

కింది ఫ్లాటు పిన్నిగారు లిఫ్టులో కలిసి, "బాబూ, రాత్రి తొమ్మిది దాటాక ఆ 'తొం' ఒక్కటీ వద్దు నాయనా, 'నం' పర్లేదు" అన్నారు. అప్పట్నుంచి రాత్రిపూట దిండు మీదే సాధన, నోటితో సొల్లు. నిజానికి నోటితో తడబడనిది చేత్తోనూ తడబడదని అప్పుడే అర్థమైంది.

సెప్టెంబరు

రవ్వ నెల. ఎడమవైపు ముఖానికి, అంటే తొప్పికి, కరణ ఉండదు. వాయించే ప్రతిసారీ బొంబాయి రవ్వ ముద్ద పెట్టాలి, అయ్యాక తీసెయ్యాలి. నా కొలత ఇది: రెండు చెంచాల రవ్వ, గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత చపాతీ పిండి కంటే కాస్త జారుగా, చేతికి అంటుకునేదాకా పిసకాలి. తోలు మధ్యలో తడి వేలితో రాసి ముద్ద అద్ది, అరచెయ్యంత గుండ్రంగా నొక్కాలి. మధ్యలో మందం, అంచుల్లో పలచన. రవ్వ ఎక్కువైతే గొంతు కిందికి దిగుతుంది, తక్కువైతే పైకి లేస్తుంది. కుడివైపు పలికే షడ్జమానికి ('స'కి) కింది స్థాయి షడ్జమం పలికేదాకా చిటికెడు చిటికెడు కలుపుతూ తీస్తూ ఉండాలి. ఫ్యాన్ కింద కూర్చుంటే ఇరవై నిమిషాలకే ఎండి శ్రుతి లేచిపోతుంది. పక్కన నీళ్ల గిన్నె ఉండాల్సిందే, తడి వేలితో ఒకసారి రాస్తే దారికొస్తుంది.

ఒక రాత్రి తీయడం మర్చిపోయి పడుకున్నాను. పొద్దున బాల్కనీ తలుపు కిందనుంచి తొప్పిదాకా చీమల బారు. ఆ రవ్వ అట్ట కట్టుకుపోయింది. చెంచాతో గీకబోతే తోలు పొర లేచింది. తడిగుడ్డ వేసి నానబెట్టి తీయాలని తర్వాత తెలిసింది. ఆ ఆదివారం వంటింట్లోంచి కేక: "ఏమండీ, ఉప్మా రవ్వ మళ్లీ ఏమైంది?"

అక్టోబరు

వానలకి తోలు చెమ్మ పీల్చి కుడివైపు శ్రుతి దిగిపోయింది. ముఖం అంచు చుట్టూ ఉండే తోలు జడని రాయితో, చెక్క ముక్కతో పైనుంచి కొడితే శ్రుతి లేస్తుంది, కిందినుంచి కొడితే దిగుతుంది. చుట్టూ పదహారు చోట్లా ఒకే స్వరం పలకాలి. నేను ఒకచోట సరిచేస్తే ఎదురుగా చెడింది, మూడు గంటలు. చివరికి "ఇది పాతది, పాడైపోయింది" అని మాస్టారితో అన్నాను. ఆయన ఒళ్లో పెట్టుకుని 'నం' వాయించారు. గంటలా మోగింది. ఏమీ అనలేదు, నవ్వారంతే. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది.

అయితే కరణ రాలుతున్న మాట నిజమేనని, బాగుచేసే ఆయన దగ్గరికి పంపారు. చిన్న గది. మృదంగాలు, తబలాలు, డోలక్‌లు, డప్పులు ఒకదాని మీద ఒకటి. ఏడాది లెక్క చెప్పాడాయన: వినాయక చవితి ముందు డప్పులు, డిసెంబరులో చర్చి డోలక్‌లు, మాఘమాసంలో సన్నాయి మేళం డోళ్లు, శ్రీరామనవమికి భజన మృదంగాలు. ఒక్క మృదంగానికే మేక, ఆవు, గేదె తోళ్లు మూడూ కావాలి. కుడివైపు తోలు పొరల మధ్య చీపురుపుల్ల ముక్కలు దూరుస్తుంటే చూశాను. మృదంగం మోతలో ఆ సన్నటి జీర వాటిదేనట. ఇక కరణ: నల్లటి రాతిపొడిని అన్నంతో మెదిపి, గోరంత చొప్పున పెట్టి, నున్నటి రాయితో రుద్ది, మళ్లీ గోరంత. పొరల మీద పొరలు, ఒక పూట పని. "కచేరీ చూశారా ఎప్పుడైనా?" అని అడిగితే, "లోపలికెళ్లి కూర్చోలేదు సార్, గ్రీన్‌రూమ్ దాకా వెళ్లి శ్రుతి చేసిచ్చి వచ్చేస్తా" అన్నాడు. రెండువేల ఆరు వందలు తీసుకున్నాడు. బేరమాడదామని వెళ్లినవాణ్ని, నోరు రాలేదు.

ఇంటికొచ్చి కరణ గురించి చదివాను. ఉత్త తోలు కొడితే మూల స్వరంతోపాటు పుట్టే పై స్వరాలు (అనుస్వరాలు) ఒకదానికొకటి పొందికగా ఉండవు, అందుకే మోతే తప్ప స్వరం తేలదు. మధ్యలో ఈ నల్ల ముద్ద బరువు పడేసరికి అవి మూల స్వరానికి రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్లుగా కుదురుకుంటాయి. దీన్ని సి.వి. రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో రాశారు, 1934లో ఇంకా వివరంగా రాశారు. అన్నం ముద్దతో చేసే పనిలో ఇంత లెక్క ఉందన్నమాట.

డిసెంబరు

బ్యాంకులో క్వార్టర్ ఎండింగ్. పదకొండు రోజులే కూర్చున్నాను.

జనవరి

తధిగిణతొం వచ్చింది. అయిదు సొల్లులు, ఒక్కోటి ఒక మాత్ర, మూడుసార్లంటే పదిహేను. ఆదితాళంలో ఎనిమిది తాళపు దెబ్బలు (అక్షరాలంటారు), ఒక్కోదానికి నాలుగు మాత్రలు, మొత్తం ముప్ఫై రెండు. రెండో సగంలోని పదహారు మాత్రల్లో మొదటిది వదిలేసి మిగతా పదిహేనులో దీన్ని మూడుసార్లు వాయిస్తే తర్వాతి దెబ్బ సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద పడుతుంది. ఇదే నా మొదటి ముక్తాయింపు, అంటే మూడుసార్లు వాయించి ముగించే జతి. కాగితం మీద రెండు నిమిషాల పని, చేతికి పదమూడు రోజులు పట్టింది. ఆ వదిలెయ్యాల్సిన ఒక్క మాత్రని వదలలేకపోవడమే నా జబ్బు.

మార్చి

ఎండలకి ఇప్పుడు శ్రుతి పైకి లేస్తోంది. కిటికీ పక్కనుంచి తీసి అల్మారా కింద అరలో, దుప్పటి చుట్టి పెడుతున్నాను. కారు డిక్కీలో మాత్రం వదలకండి, ఒక్క మధ్యాహ్నం చాలు.

అమ్మాయి అడుగులకి మొదటిసారి వాయించాను. తాళం నాలుగో చుట్టులో (ఆవర్తంలో) నేను పరిగెత్తాను, తను ఆగి, "నాన్నా, నేను ఇక్కడున్నా" అంది. మళ్లీ 60కి దిగాం. మర్నాడు తనే ఎడమవైపు కూర్చుని 'తొం' కొట్టి చూసింది, నాకంటే గుండ్రంగా వచ్చింది. ఆడపిల్లలు మృదంగం వాయిస్తారా అని అడిగింది. నిడుమోలు సుమతి గారి వీడియో పెట్టి, 2021లో పద్మశ్రీ ఇచ్చారని చెప్పాను. "అయితే నాకు 22 అంగుళాలది కావాలి" అంది. ఆ అంగుళాల సంగతి ఎప్పుడు విందో!

ప్రస్తుతం: త ధి తొం నం మూడు కాలాలూ (మామూలు, రెట్టింపు, నాలుగింతల వేగాలు) 72 దగ్గర నిలుస్తోంది. 'తరికిట' సొల్లు మూడో కాలంలో ఎడమ చెయ్యి వెనకపడుతోంది. తొప్పి తోలు, ఆ చీమల రాత్రి పొర లేచినచోట, పలచబడింది. శ్రీరామనవమి రద్దీ అయ్యాక తీసుకురమ్మన్నాడు బాగుచేసే ఆయన.