రెండు నిమిషాల పాట వెనక: నా అనుభవం

మా ఇల్లు విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర. నాన్న టైలరు. గంటస్తంభం దగ్గర్నుంచి కాస్త లోపలికి వెళ్తే ఆయన కొట్టు. నేను గాత్రం నేర్చుకున్నది మహారాజా సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల గారు, సుశీల గారు అక్కడే చదువుకున్నారు. అలాంటి ఊరి నుంచి వెళ్లి టీవీలో అపస్వరం పాడితే ఎలా అన్నదే ఒక టీవీ పాటల పోటీకి ఆడిషన్ ఫారం నింపేటప్పుడు నా టెన్షనంతా.

షో పేరు, ఛానల్ పేరు రాయను. మా ఇంట్లో పాటల పోటీ అంటే 'పాడుతా తీయగా'. 1996లో ఈటీవీలో మొదలైంది, అప్పటికి నేను పుట్టనే లేదు. తర్వాతి సంవత్సరాల్లో బాలు గారు ఒక్క అక్షరం పలకడం గురించి, పాట కట్టినవారి గురించి చెబుతుంటే అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చునేది. పోటీ అంటే నా మనసులో ఆ బొమ్మే ఉండిపోయింది.

మొదటి ఆడిషన్ విశాఖపట్నంలో. తెల్లవారుజామునే బస్సెక్కి ఏడింటికల్లా క్యూలో నిలబడ్డాను. నా టోకెన్ 286. లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దున్న తిన్న రెండు ఇడ్లీలే ఆధారం, ఎండకి గొంతు పిడచకట్టుకుపోయింది. గదిలో ఇద్దరు మనుషులు, ఒక కెమెరా. టీవీలో కనిపించే జడ్జిలు మా మొదటి రౌండ్లో లేరు. వాళ్లను చూద్దామని వచ్చినవాళ్లు ఎంత నిరాశపడ్డారో. శ్రుతి పెట్టె లేదు, కరోకే లేదు. పల్లవి పాడమన్నారు, పాడాను. ఇంకోటి, కాస్త స్పీడుది పాడమన్నారు, అదీ పాడాను. అంతా కలిపి నిమిషంన్నర.

ఆ తర్వాత పది నిమిషాలు మాటలు. నాన్న ఏం చేస్తారు, ఇల్లు సొంతమా అద్దెదా, అప్పులున్నాయా, పాట వద్దని ఇంట్లో ఎవరైనా అన్నారా, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా. ఒకమ్మాయి అన్నీ రాసుకుంటోంది. నా మీద శ్రద్ధతో అడుగుతున్నారనుకుని అన్నీ చెప్పాను. తాతయ్య ఇచ్చిన తొక్కుడు మిషన్‌తో నాన్న పని మొదలుపెట్టారన్న సంగతి కూడా చెప్పాను.

ఎంపికైనట్టు ఫోన్ రావడానికి రెండు రోజుల ముందు ఇంకో ఫోన్ వచ్చింది. ఐదు వేలు పంపితే మధ్యలో రౌండ్లు లేకుండా నేరుగా హైదరాబాద్ పిలుస్తామని. నాన్న ఫోన్ లాక్కుని పెట్టేశారు. క్యూలో పరిచయమైన బొబ్బిలి అమ్మాయి పంపేసింది, పాపం, డబ్బు మళ్లీ రాలేదు. అసలు టీము నన్ను ఏ రౌండ్లోనూ రూపాయి అడగలేదు. రైలు టికెట్లు కూడా వాళ్లే తీశారు. ఎవరైనా డబ్బడిగితే అక్కడే ఆగిపోండి.

అగ్రిమెంటు పద్నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. సంతకం పెట్టి మర్నాటికల్లా పంపమన్నారు. మా వీధిలో ఉండే ప్లీడరు గారు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఒక్కో పేరా తెలుగులో చెప్పారు. తీసిన వీడియో అంతా వాళ్లదే. ప్రసారం అయ్యేదాకా ఫలితం బయటికి చెప్పకూడదు. షో నడిచినన్నాళ్లూ, అయ్యాక ఆరు నెలల పాటూ వేరే ఛానల్లో పాడకూడదు. ఎలా ఎడిట్ చేసినా అభ్యంతరం చెప్పకూడదు. ఆ చివరి దాని మీద ఆయన వేలు పెట్టి, "ఇది తెలిసే పెడుతున్నావా తల్లీ?" అని అడిగారు. తెలిసే పెడుతున్నాను అన్నాను. అప్పటికి నాకు తెలిసింది ఆ మాట ఒక్కటే.

ఇక పాట సంగతి. హైదరాబాద్‌లో నేను నిజంగా నేర్చుకున్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాట మన ఇష్టమే అనుకుంటాం. నేను పది పాటలు రాసిచ్చాను. ఛానల్‌కి హక్కులున్న పాటల్లోంచే తీసుకోవాలట, ఆరు అక్కడే పోయాయి. మిగిలినవాటిలో రెండు అప్పటికే వేరేవాళ్లు తీసుకున్నారు. చివరికి సుశీలమ్మ గారి పాట ఒకటి నాకు దక్కింది. 1935లో మా ఊళ్లోనే పుట్టిన మనిషి, 17,695 పాటలకు 2016లో గిన్నిస్ రికార్డు అందుకున్న మనిషి. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. రికార్డులో ఆ పాట నాలుగు నిమిషాలు దాటుతుంది. టీవీకి రెండు నిమిషాలే. పల్లవి, సగానికి కోసిన మ్యూజిక్, మొదటి చరణం, మళ్లీ పల్లవి. కానీ ఆ పాట ప్రాణమంతా రెండో చరణంలో ఉంది. అందులో ఒక్క సంగతి (ఒకే లైనును కాస్త మార్చి పాడే తీరు) కోసం మా మేష్టారు నన్ను వారం రోజులు కూర్చోబెట్టారు. రెండో చరణం పాడొచ్చా అని అడిగాను. "టైం లేదమ్మా" అన్నారు మ్యూజిక్ టీమ్ అన్న. ఆయన ముఖంలోనూ బాధే కనిపించింది.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లం సినిమా పాట పాడితే తెలియకుండానే గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఎక్కువ పడిపోతుంది. స్వరాన్ని ఊపకుండా నిలబెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఊపిరి సంగతీ అంతే. కాలేజీ హాల్లో ఎవరికీ వినపడని నా ఊపిరి అక్కడి మైకులో బుసకొట్టినట్టు వినిపించింది. పదం మధ్యలో ఊపిరి తీయకుండా ఎక్కడ తీయాలో సాహిత్యం కాగితం మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. ఈ పని ఇంట్లోనే చేసుకుని వెళ్లుంటే ఎంత బాగుండేదో.

బ్యాండుతో రిహార్సల్ మనిషికి అరగంట. పదహారు మందిమి, బ్యాండు ఒక్కటే. చెవుల్లో మానిటర్లు పెట్టారు. డ్రమ్స్, లయ తప్పకుండా వేసే టకటకమనే క్లిక్ తప్ప నా గొంతు నాకే వినపడలేదు. అర స్వరం పైకి వెళ్లిపోయి అలాగే పాట పూర్తి చేశాను. పెద్దవాళ్ల మధ్య నోరు విప్పడానికి భయం. కీబోర్డు వాయించే అన్న పక్కకు పిలిచి, "నీ వాయిస్ పెంచమని అడుగు. అడక్కపోతే ఎవరూ పెంచరు" అన్నాడు. మర్నాడు అడిగాను. నా గొంతు నాకు వినపడగానే సగం భయం పోయింది.

షూటింగ్ రోజు మేకప్‌కి ఉదయం ఆరింటికి రమ్మన్నారు. నా పాట రాత్రి పదకొండున్నరకు వచ్చింది. రోజుకి రెండు ఎపిసోడ్లు తీసేవారు. సెట్లో ఏసీ చలికి గొంతు బిగుసుకుపోతుంటే అమ్మ కట్టిచ్చిన అతిమధురం ముక్కలు, ఫ్లాస్కులో వేణ్ణీళ్లు నన్ను కాపాడాయి. పొద్దున్నే ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, ఎవరూ పాడకుండానే చప్పట్లు, నవ్వులు, కళ్లు తుడుచుకోవడాలు అన్నీ తీసిపెట్టుకున్నారు. నా పాటకు టీవీలో కన్నీళ్లు పెట్టుకున్న ఆవిడ నా పాట వినకముందే ఏడ్చింది. జడ్జిలు మాత్రం నిజంగానే వింటారు. నేను 'శ'ని 'స'కు దగ్గరగా పలికానని ఒకాయన పది నిమిషాలు పట్టి, పలికించి మరీ సరిదిద్దారు. నాకు అది పెద్ద బహుమానం. టీవీలో అందులో ఒక్క ముక్కా రాలేదు, "చాలా బాగా పాడావమ్మా" అన్నదే వచ్చింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రసారానికి ముందు మిక్సింగ్‌లో శ్రుతి సరిచేస్తారు. రెండో వారం నేను పై షడ్జం (పై 'స') అందుకోలేక జారిపోయాను, జడ్జిలు మార్కులు తగ్గించారు. టీవీలో ఆ షడ్జం నిక్కచ్చిగా పలికింది. "బాగానే పాడిందిగా, ఎందుకు మార్కులు తగ్గించారు" అని మా వీధంతా జడ్జిలను తిట్టింది. వాళ్లు విన్న పాట, మనం విన్న పాట ఒకటి కాదు. అది తెలిశాక నేను ఏ షోలోనూ జడ్జిని తిట్టడం మానేశాను.

వీటన్నిటికంటే ముందు జరిగినదాన్ని ఇప్పటిదాకా దాటవేశాను, రాయడం కష్టంగా ఉండి. మొదటి ఎపిసోడ్‌కి పది రోజుల ముందు ఏవీ తీయడానికి నలుగురు మా ఇంటికి వచ్చారు. పాటకు ముందు వేసే మన కథని ఏవీ అంటారు. డైరెక్టర్ చేతిలో ఆడిషన్ నాడు రాసుకున్న కాగితం ఉంది. "తొక్కుడు మిషన్ ఉందట కదా?" అన్నాడు. ఉంది, అటక మీద. నాన్న మోటారు మిషన్ కొని ఎనిమిదేళ్లయింది. దాన్ని పక్కకు జరిపి, అటక మీద మిషన్ దింపి దుమ్ము దులిపారు. ఇస్త్రీ చొక్కా విప్పి బనీనుతో కూర్చోమన్నారు. ట్యూబ్ లైట్ ఆర్పి, మూలన ఒక దీపం పెట్టారు. నాన్న ఇంటికొచ్చినవాళ్లకు కాదనలేని మనిషి. చెప్పినట్టల్లా తొక్కారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత బొబ్బిలి వీణ ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టుకోమన్నారు. నాకు వీణ రాదు. ఊరికే పట్టుకుంటే చాలన్నారు. ఒకే పనస మొద్దును తొలిచి చేసే వీణ అది. దాన్ని చేసే గొల్లపల్లి మా జిల్లాలోనే ఉంది. వాయించడం వచ్చినవాళ్లు ఇంతమంది ఉన్న చోట రాని చేతుల్తో పట్టుకుంటే మేష్టారికి నా ముఖం ఎలా చూపించను? వద్దండీ అన్నాను. "సరేలే" అని పక్కన పెట్టేశారు. అంతే. వాదన లేదు, కోపం లేదు. వద్దనొచ్చని నాకు అప్పుడు తెలిసింది. పొద్దున్న మిషన్ దింపేటప్పుడు ఆ ఒక్క మాట నా నోట ఎందుకు రాలేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

సాయంత్రం అమ్మ వంతు. తినేసి పాడమని చెబుతూ నాకు కంచం అందించాలి. అమ్మ చెప్పింది. డైరెక్టర్‌కి చాల్లేదు. "మీ యాసలో, గట్టిగా, కాస్త సాగదీసి చెప్పండమ్మా, జనం నవ్వుతారు" అన్నాడు. అమ్మ కంచం కింద పెట్టింది.

"నేను మాటాడీది ఇదే బాబూ. ఇంకోలాగ నాకు రాదు" అంది.

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పింది, గొంతు పెంచకుండా. మా మాటని టీవీలో నవ్వులాటకి వాడుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ రోజు మా అమ్మ ఒప్పుకోకపోవడం చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ ఏడుపు మాత్రం కెమెరాలో పడలేదు.

మొదటి ఎపిసోడ్ వచ్చిన రాత్రి వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. ఏడుపు ఫ్లూట్ వెనక నాన్న మిషన్ తొక్కుతున్నారు. చాలాసేపు తొక్కారు. అమ్మ మాట మొదట చెప్పినది చెప్పినట్టే వచ్చింది, నాలుగు సెకన్లు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు కొట్టుకి జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడ ఐదొందల నోటిచ్చి, "చిల్లర ఉంచెయ్ బాబూ, పిల్లకి పనికొస్తాది" అందట. నాన్న పట్టుబట్టి చిల్లర ఆమె చేతిలో పెట్టి వచ్చారు. రాత్రి అన్నం ముందు కూర్చుని, "నన్ను అలగ ఎందుకు చూపించీసినారే?" అని నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆరో వారం నేను ఎలిమినేట్ అయ్యాను. పేరు చెప్పడానికి ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఇరవై నిమిషాలు తీశారు, కెమెరాలు ఒక్కొక్కరి ముఖం మీదికీ వచ్చి వెళ్లాయి. అది టీవీలో వచ్చింది మూడు వారాల తర్వాత. ఆ మూడు వారాలూ ఊళ్లో అందరూ "ఫైనల్‌కి వెళ్తావమ్మా" అంటుంటే, సంతకం పెట్టినందుకు తలూపుతూ తిరిగాను. ఒక్క మేష్టారు మాత్రం ఏమీ అడగలేదు.

ఎపిసోడ్ వచ్చిన మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన శ్రుతి పెట్టె ఆన్ చేసి, నా శ్రుతికి తిప్పి, చాప చూపించారు.

"టీవీలో మొదటి చరణం విన్నాన్లే. రెండోది పాడు" అన్నారు.