మా పాప తల పొడిబారినప్పుడు: నా అనుభవం

మేం అమెరికాలో, టెక్సస్‌లోని హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లో ఉంటాం. మేమిద్దరం గుంటూరు వాళ్లం, మా పాప నల్లజాతి పిల్ల. నాలుగేళ్ల వయసులో ఫోస్టర్ కేర్ (కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలను ప్రభుత్వం వేరే ఇంట్లో ఉంచి పెంచే ఏర్పాటు) ద్వారా మా ఇంటికి వచ్చింది. తర్వాత దత్తత కూడా పూర్తయింది. ఈ దారిలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఫోన్ చేస్తే, కోర్టు కాగితాల సంగతి మాట్లాడాక, కాస్త మొహమాటంగా అడిగేది జుట్టు గురించే. మొహమాటపడాల్సిన పని లేదు. అది చాలా పెద్ద విషయం, అందుకే వివరంగా రాస్తున్నాను.

వచ్చినప్పుడు పాత జడలు సగం విడిపోయి, కుదుళ్ల దగ్గర జుట్టు ఉండలు కట్టి ఉంది. మాడంతా బూడిదరంగు పొట్టు. నిద్రలో కూడా గోక్కునేది. చెయ్యి వేస్తే ఏడ్చేది. జుట్టు తీసేస్తే పిల్లకు హాయిగా ఉంటుందేమో అన్నారు మా ఆయన. కానీ అనుమతి లేకుండా కత్తెర పెట్టకూడదని పాప బాగోగులు చూసే కేస్‌వర్కర్ ముందే చెప్పారు. నాకూ మనసొప్పలేదు. ఆ జడలు తన కన్నతల్లి వేసినవేమో, ఎవరికి తెలుసు?

మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "తల ఎండిపోయిందే, కొబ్బరినూనె బాగా పట్టించి కుంకుడుకాయతో తలంటు" అంది. మన ఇళ్లలో ఎవరైనా అదే చెబుతారు. మా ఆఫీసులో ఒక నల్లజాతి ఆవిడ ఉన్నారు, ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడను అడిగితే, "జుట్టు పొడిబారడం వేరు, మాడు పొట్టు రాలడం వేరు. ముందు మాడు డాక్టర్‌కి చూపించు. అప్పటిదాకా నూనె పెట్టకు" అన్నారు. మిగతాదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది.

టెక్సస్‌లో ఫోస్టర్ కేర్‌లోకి వచ్చిన పిల్లలకు 30 రోజుల్లోపు హెల్త్ చెకప్ చేయించాలి. ఆ చెకప్‌లో మాడు చూపిస్తే చుండ్రు అని చెప్పి, షాంపూ రాసి పంపేశారు. అది వాడుతుండగానే ఒకచోట జుట్టు కుదురు దగ్గరే విరిగి, నల్లటి చుక్కల్లా కనిపించసాగింది. మెడ వెనక బిళ్లలు కట్టాయి. చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ కొంచెం పొట్టు, విరిగిన వెంట్రుకలు తీసి కల్చర్‌కి, అంటే అందులో ఏ ఫంగస్ పెరుగుతుందో చూసే ల్యాబ్ పరీక్షకు పంపారు. అది తామర. ఒంటి మీద వచ్చే తామరే, తలలో వచ్చింది.

అమెరికాలో ఇది నల్లజాతి పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలావరకు దీనికి కారణం ట్రైకోఫైటాన్ టాన్సురాన్స్ అనే ఫంగస్. అది వెంట్రుక లోపలికి చేరుతుంది కాబట్టి పైన రాసే ఆయింట్‌మెంట్ పనిచేయదు, నోటి మందు వేయాల్సిందే. ముదురు రంగు చర్మం మీద ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. అందుకే దాన్ని వట్టి పొడిబారడం అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. చూసేవాళ్లు శ్రద్ధగా చూడకపోతే నష్టపోయేది పిల్ల. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది.

కల్చర్ రిపోర్టుకు వారాలు పడుతుందని, డాక్టర్ ఆగకుండా గ్రైసియోఫల్విన్ సిరప్ మొదలుపెట్టారు. ఈ మందు 6 నుంచి 8 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. దురద తగ్గిందని మధ్యలో మానకూడదు. కొవ్వున్న తిండితో ఇస్తే ఒంటికి బాగా పడుతుందన్నారు. ఇంకేం కావాలి! నెయ్యి వేసిన పప్పన్నం పెట్టి వెంటనే మందు పట్టేదాన్ని. తనకు నెయ్యన్నం అలవాటైంది ఆ రోజుల్లోనే. కీటోకోనజోల్ షాంపూ కూడా రాశారు. అది జబ్బును నయం చేయదు, ఇంకొకరికి అంటకుండా తగ్గిస్తుందంతే. అందుకే మేమూ అదే వాడాం. దువ్వెనలు విడిగా పెట్టి, దిండు గలీబులు వేడి నీళ్లలో ఉతికేవాళ్లం. గుండు అవసరం లేదని డాక్టర్ తేల్చి చెప్పారు.

మాడు నయమైంది. జుట్టు మాత్రం పెళుసుగానే ఉంది. అది వేరే పని అని నాకు ముందే చెప్పారు కదా, అప్పుడు ఆ పని మొదలుపెట్టాం.

తిన్నగా ఉండే జుట్టులో మాడు నుంచి వచ్చే జిడ్డు చివరిదాకా జారుతుంది. స్ప్రింగులా చుట్టలు తిరిగిన జుట్టులో అది కుదుళ్ల దగ్గరే ఉండిపోతుంది. పైగా ప్రతి మెలికా విరిగే చోటే. కాబట్టి ఈ జుట్టుకు ముందు కావాల్సింది నీళ్లు, ఆ తడి ఆరిపోకుండా పైన నూనె. కొబ్బరినూనె మంచిదే, వెంట్రుక లోపలికి ఇంకుతుంది కూడా. కానీ పొడి జుట్టు మీద వట్టి నూనె రాస్తే తడి రాదు. కుంకుడు రసం మన నూనె తలలకు బాగుంటుంది, తన జుట్టులో ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తుంది. అమ్మకు ఇదంతా చెబితే ఓపిగ్గా విని, మర్నాడే ఫోన్ చేసి ఇంకా వివరాలు అడిగింది.

ఆదివారం మా ఇంట్లో తల పని ఉంటుంది. జుట్టును నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెడతాను. సల్ఫేట్ లేని షాంపూ మాడుకు మాత్రమే. తర్వాత కండిషనర్ దట్టంగా పట్టించి, అది జుట్టు మీద ఉండగానే చిక్కు తీస్తాను. ముందు వేళ్లతో, తర్వాత పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో, చివర్ల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి. పొడిగా ఉన్నప్పుడు దువ్వెన ముట్టుకోను. కడిగాక తడి మీదే లీవ్-ఇన్ కండిషనర్ (రాశాక కడగకుండా వదిలేసేది), ఆ పైన కొంచెం షియా బటర్ (షియా గింజల నుంచి తీసే వెన్నలాంటి కొవ్వు). ఇవి జుట్టుకే, మాడుకు కాదు. పాత టీషర్టుతో అద్ది, రెండేసి పాయలు మెలితిప్పి వదిలేస్తాను. తొందరపడితే పిల్లకు నొప్పి, జుట్టుకు నష్టం. అందుకని ఆ పూట ఇంకే పనీ పెట్టుకోను. తను బొమ్మకు అలాగే పాయలు తీస్తూ కూర్చుంటుంది.

జడలు వేయడం మా ఊళ్లోనే ఒకావిడ ఇంటి దగ్గర నేర్చుకున్నాను. టెక్సస్‌లో 2015 నుంచి జడలు వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు. డల్లాస్‌కు చెందిన ఐసిస్ బ్రాంట్లీని 1997లో లైసెన్స్ లేకుండా జడలు వేశారని అరెస్టు చేశారు. ఏళ్ల తరబడి ఆవిడ పోరాడితే గానీ ఈ చట్టం మారలేదు. నాకు నేర్పినావిడ ఆ కథ చెబుతుంటే గొంతులో గర్వం వినిపించేది. మా పాప కూడా వినాల్సిన కథే అది. పొట్టు ఉన్న తలకు ఆవిడ జడ వేయరు. డాక్టర్ సరేనన్నాకే రమ్మన్నారు, నాకు ఆ పద్ధతి నచ్చింది.

రాత్రి శాటిన్ టోపీ పెడతాం. నూలు గలీబు తడి పీల్చేస్తుంది, రాపిడికి వెంట్రుకలు విరుగుతాయి. టోపీ నిద్రలో జారిపోతుంటే, మా అమ్మ జరీ లేని పట్టు బట్టతో గలీబులు కుట్టించి పంపింది. శాటిన్ ఎంత నున్నగా ఉంటుందో పట్టూ అంతే.

ఇక జడలు వేయించాక చూసుకోవాల్సింది ఒకటుంది. నుదుటి అంచున చిన్న చిన్న పొక్కులు లేచినా, కనుబొమ్మలు పైకి లాగినట్టున్నా, పిల్ల నొప్పి అన్నా జడ బిగువైనట్టే. రెండు రోజుల్లో సర్దుకుంటుందని ఎవరైనా చెబితే వినకండి. ఆ బిగువు అలాగే కొనసాగితే అంచుల్లో జుట్టు శాశ్వతంగా పోవచ్చు. ఎంత డబ్బిచ్చి వేయించినా సరే, ఆ రాత్రే కూర్చుని విప్పేయండి.