‘నడిచినయెడల’ అన్న ఒక్క మాట

సీనాయి కొండ దగ్గర ఇశ్రాయేలీయులకు చెప్పమని దేవుడు మోషేకు అప్పగించిన మాట నిర్గమకాండం 19:5లో ఉంది: నా నిబంధన ననుసరించి నడిచినయెడల మీరు నాకు ‘స్వకీయ సంపాద్యమగుదురు’. హీబ్రూలో ఆ మాట ‘సెగుల్లా’, అంటే రాజు తన సొంతానికి దాచుకున్న నిధి. యూదులు దేవుడు ఎన్నుకున్న ప్రజలు అన్న వాదమంతా ఈ నిధి చుట్టూనే తిరుగుతుంది. నేను మాత్రం ముందు ‘నడిచినయెడల’ దగ్గర ఆగమంటాను. హీబ్రూలో అది ‘ఇమ్’ అన్న చిన్న మాట, వచనం ఆరంభంలోనే వస్తుంది.

ద్వితీయోపదేశకాండం 7లో ఈ షరతు ముందుకు రాదు, నిజమే. అక్కడ చెప్పిన కారణం ప్రేమ, పితరులకు చేసిన ప్రమాణం. మీరు లెక్కకు ఎక్కువని ఎన్నుకోలేదు, అందరిలోకీ మీరే తక్కువ అంటుంది. అయినా 11వ వచనానికల్లా ‘కాబట్టి ఆజ్ఞలు పాటించండి’ అని వచ్చేస్తుంది. ఆమోసు ప్రవక్త నోట దేవుడి మాట ఇంకా కరకు. భూమి మీది వంశాలన్నిటిలో మిమ్మల్నే ఎరిగాను, అందుకే మీ దోషాలన్నిటికీ శిక్షిస్తాను (3:2). ఐగుప్తు నుంచి మిమ్మల్ని రప్పించినట్టే ఫిలిష్తీయుల్ని కఫ్తోరు నుంచి రప్పించలేదా (9:7)? అంత విడమరిచి చెప్పాక కూడా ఎన్నికను జన్మహక్కుగా చదవడం నాకు మింగుడుపడదు.

యూదు మతగురువులైన రబ్బీల చర్చల సంకలనం తాల్ముద్‌లో రెండు కథలున్నాయి. ఒకదాంట్లో దేవుడు తోరాను, అంటే తన ధర్మశాస్త్రాన్ని, అన్ని జాతుల ముందూ పెడితే ఇశ్రాయేలే ఒప్పుకుంది. ఇంకోదాంట్లో కొండను పీపాలా తలమీద బోర్లించి, ఒప్పుకుంటే సరే, లేదంటే ఇక్కడే మీ సమాధి అంటాడు. మొదటిది ఇచ్చిన ఘనతను రెండోది లాగేసుకుంటుంది. రబ్బీలు రెంటినీ ఉంచారు. వాళ్ల లెక్కలో ఎన్నికంటే బరువు: మిగతా మానవాళికి 7 ఆజ్ఞలు, యూదులకు 613.

దారి చీలింది 12వ శతాబ్దంలో. ‘కుజారి’ అన్న గ్రంథంలో యూదు కవి, తాత్వికుడు యెహూదా హలేవి ఎన్నికను వంశంలో ప్రవహించే దైవగుణంగా చెప్పాడు; ఆ లెక్కన మతం పుచ్చుకున్నవాడు పుట్టుయూదుడికి సమానం కాడు. అదే శతాబ్దపు యూదు తాత్వికుడు మైమోనిడీస్ తన 13 విశ్వాస సూత్రాల్లో ఎన్నికను చేర్చనేలేదు. ఓబద్యా అనే కొత్త యూదుడికి రాసిన ఉత్తరంలో, ప్రార్థనలో ‘మా పితరుల దేవా’ అని నువ్వూ నిస్సంకోచంగా అనవచ్చని చెప్పాడు. నా మొగ్గు పూర్తిగా మైమోనిడీస్ వైపే.

జాతీయవాదం వచ్చాక చిక్కు పెరిగింది. 1897లో బాసెల్‌లో, యూదులకు సొంత దేశం కావాలన్న జయోనిస్టుల మొదటి మహాసభ పెట్టిన హెర్జ్ల్ కోరింది అందరి దేశాల్లాంటి ఒక దేశం. 1948 మే 14 నాటి ఇశ్రాయేలు దేశ స్థాపన ప్రకటన ఎన్నికను ఎత్తదు. దేవుడనీ, కాదనీ చదువుకోగల ‘ఇశ్రాయేలు బండ’ అన్న మాటతో ఆస్తికుల్నీ నాస్తికుల్నీ సర్దిచెప్పింది. మతంవైపు నుంచి రబ్బీ అబ్రహాం కుక్ (1865–1935) మాత్రం, నమ్మకం లేని జయోనిస్టులు కూడా తెలియకుండానే దైవకార్యం చేస్తున్నారన్నాడు. ఆయన రాతల్లో సమస్త మానవాళి మీద ప్రేమా ఉంది. 1967 అరబ్బు–ఇశ్రాయేలు యుద్ధం తర్వాత కొడుకు జ్వీ యెహూదా కుక్ బోధలో బరువంతా నేలమీదికి జరిగింది. 1974లో పుట్టిన గుష్ ఎమునీమ్ అనే మత ఉద్యమం ఆ బోధతోనే ఆక్రమిత ప్రాంతాల్లో స్థావరాలు కట్టింది. పాడయ్యేది ఇక్కడే: పవిత్రత నడత నుంచి జనానికి, జనం నుంచి మట్టికి జారుతుంది. మట్టే పవిత్రమయ్యాక ఒక గజం వదులుకోవడమూ పాపమే అవుతుంది, రాజీకి చోటుండదు.

అమెరికా రబ్బీ మొర్దెకై కప్లన్ మొత్తం ఎన్నికనే వదిలేశాడు. 1945 నాటి ఆయన ప్రార్థనల పుస్తకంలో ‘అన్ని జాతుల్లోంచి మమ్మల్ని ఎన్నుకున్నవాడా’ అన్నచోట ‘నీ సేవకు మమ్మల్ని చేరదీసినవాడా’ అని ఉంది. సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ రబ్బీలు న్యూయార్క్‌లో ఆయన్ని వెలివేశారు, ఆ పుస్తకాన్ని కాల్చారు. ఆయన నిజాయితీని గౌరవిస్తాను, కానీ మాటతోపాటు షరతూ పోయింది.

ఇశ్రాయేలు తాత్వికుడు యెషయాహు లైబోవిచ్ (1903–1994) షరతును తిరిగి తెచ్చాడు. ఆయన చూపించిన చోటు ఇది: సంఖ్యాకాండం 15:40 ఆజ్ఞలు పాటించి పరిశుద్ధులై ఉండమంటుంది: అది ఎప్పటికీ తీరని పని. నాలుగు వచనాల తర్వాత, 16:3లో, సమాజంలో ప్రతివాడూ ఇప్పటికే పరిశుద్ధుడే అని వినిపిస్తుంది. ఆ మాట అన్నవాడు మోషే మీద తిరగబడిన కోరహు. అదే అధ్యాయంలో నేల నోరు తెరిచి మింగింది అతని పక్షంవాళ్లనే.