గెట్టు దాటని గడ్డ

పొట్ట పెరుగుతుంటే గ్యాస్ అనుకుని రెండు నెలలు మాత్రలు మింగాను. నాకు 32 ఏళ్లు, ఒక పాప. బడిలో తోటి టీచర్లు "ఏమన్నా విశేషమా?" అని అడిగేవాళ్లు. చివరికి నల్గొండలో స్కానింగ్‌కి పోతే, డాక్టరమ్మ ఒకచోట చెయ్యి ఆపి, "బయట మీవాళ్లు ఉన్నారా?" అన్నారు. ఎడమ అండాశయంలో 18 సెంటీమీటర్ల గడ్డ. లోపల అరలు అరలుగా ఉంది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. గడ్డ పగలకుండా తియ్యాలని బొడ్డు పైదాకా కోశారు. ఎడమ అండాశయం, ట్యూబు పోయాయి. కుడిది, గర్భసంచి ఉంచారు. నేను ఇంకా మత్తులో ఉండగానే ఒక ముక్కను గడ్డకట్టించి పరీక్ష చేశారు. "బార్డర్‌లైన్‌లా ఉంది, అంటే మామూలు గడ్డకీ క్యాన్సర్‌కీ మధ్యరకం. పూర్తి రిపోర్టు వచ్చాకే ఖాయంగా చెప్తాం" అన్నారు.

ఆ తర్వాత 12 రోజులు. కుట్ల నొప్పి ఓర్చుకోగలిగాను గానీ, ఆ ఎదురుచూపు ఓర్చుకోలేకపోయాను. అమ్మ రోజూ అదే మాట: "క్యాన్సరా, కాదా? ఒక్క మాట చెప్పు బిడ్డా."

రిపోర్టులో "మ్యూసినస్ బార్డర్‌లైన్ ట్యూమర్" అని ఉంది. మ్యూసినస్ అంటే లోపల జిగురులాంటి ద్రవం ఊరే రకం. అది అర్థం కాక పెథాలజీ డాక్టర్‌ని కలుస్తానని అడిగాను. ఆయన విసుక్కోకుండా నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. ఊదారంగు చుక్కలతో కణాలు, వాటి కింద గులాబీరంగు కండలాంటిది. ఆ గులాబీని స్ట్రోమా అంటారట. ఒక వరసలో ఉండాల్సిన కణాలు రెండు మూడు వరసలుగా పేరుకుని, కుచ్చుల్లా లేచాయి. స్ట్రోమాలోకి చొచ్చుకుపోతే అది క్యాన్సర్. నావి పోలేదు. ఈ రకాన్ని 1973లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో వేరుగా పెట్టిందని చెప్పారు. డాక్టర్లు మాట దాటేయడానికి వాడే పేరు కాదని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను: "గడ్డి విపరీతంగా పెరిగింది గానీ, గెట్టు దాటి పక్క మడిలోకి పోలేదమ్మా."

అమ్మ కాసేపు ఆలోచించి, "గెట్టంతా తిరిగి చూసిండ్రా మరి?" అంది.

బడి ముఖం చూడని మా అమ్మ అడిగిన ఈ ప్రశ్నలోనే ఆ 12 రోజుల కారణమంతా ఉంది. ఇంత పెద్ద మ్యూసినస్ గడ్డలో ఒకచోట మామూలుగా, ఇంకోచోట బార్డర్‌లైన్‌గా, మరో మూల క్యాన్సర్‌గా ఉండొచ్చు. అందుకే ఆపరేషన్ అప్పుడు చూసిన ఒక్క ముక్క మీద తీర్పు చెప్పరు. సెంటీమీటరుకు రెండు చొప్పున నా గడ్డ నుంచి 36 ముక్కలు తీసి చూశారు. పేగుల వైపు నుంచి పాకిందేమోనని అపెండిక్స్ కూడా చూశారు. అది బాగుంది.

గడ్డ అండాశయం దాటలేదు కాబట్టి కీమో అక్కర్లేదన్నారు. కానీ ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, చెకప్‌లు మానొద్దని గట్టిగా చెప్పారు. ఆ ముక్కలు అతికించిన గాజు స్లైడ్లు అడిగి తీసుకుని ఇంకో పెథాలజిస్టుకి చూపించాను. ఆయనా అదే మాట అన్నారు. నాలా ఈ రిపోర్టు చేతికొచ్చినవాళ్లు స్లైడ్లు అడగడానికి మొహమాటపడకండి.

వచ్చే నెల మళ్లీ స్కాన్. పొద్దున్నే బస్సు. ఈసారి అమ్మ కూడా వస్తానంటోంది.