రాణిగంజ్ బేరింగులు, కీసర మొరం

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా డీజిల్ పంపులు విప్పి బిగిస్తున్నవాణ్ణి. ఎంత మొండి లారీ అయినా మా షెడ్డుకొచ్చాక రెండో రోజుకి దారికొస్తుంది. గుప్పిట్లో పట్టేంత 3.5 సీసీ ఇంజిన్ ఒకటి అలాంటి నన్ను రెండేళ్లుగా ఆడిస్తోంది. నైట్రో బగ్గీ అంటారు దాన్ని. అసలు కారులో ఎనిమిదో వంతు సైజు, నాలుగు చక్రాలకూ పవర్, చేతిలో రిమోట్. బ్యాటరీ బొమ్మ కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ఇంధనం తాగి నిమిషానికి 30 వేల చుట్లకు పైగా తిరుగుతుంది.

నా దగ్గరున్నది పెట్టెలోంచి తీసి నడుపుకునే రకం. రెండేళ్లలో అరగని భాగం లేదు. రేసులకు పనికొచ్చే పాత బండి ఒకటి కొందామని డిసెంబర్‌లో ఓ శనివారం పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బగ్గీని శుభ్రంగా కడిగి, ట్యాంకు ఆరబెట్టి, పాత సూట్‌కేసులో స్పాంజి ముక్కల మధ్య పడుకోబెట్టాను. ఇంధనం సీసా మాత్రం ఇంట్లోనే వదిలేశాను. మండే సరుకు రైల్లో తీసుకెళ్లకూడదు. పైగా మిథనాల్ అంటుకుంటే పగటి వెలుగులో మంట కంటికి సరిగ్గా ఆనదు, కాలుతోందని తెలిసేలోపే కాలిపోతాం. ఆ సరదా నాకొద్దు.

సికింద్రాబాద్ స్టేషన్లో మేనల్లుడు ఎదురొచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉప్పల్లో రూము.

"మావయ్యా, ముందు బిర్యానీ తిందామా, రూముకెళ్దామా?"

"ముందు రాణిగంజ్‌రా."

రాణిగంజ్‌కి నేను ఎప్పుడొచ్చినా తిరనాళ్లకొచ్చినట్టే ఉంటుంది. పంపులు, బోల్టులు, బెల్టులు, వాల్వులు, వీటి మధ్యలో భుజం పక్కకి తిప్పితే గాని దూరలేని బేరింగ్ షాపులు. బగ్గీ చక్రాల్లో ఉండే బేరింగ్ లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, బయటిది 16, మందం 5. బొమ్మ కారుకి కావాలంటే ఏ షాపువాడూ తల ఎత్తి చూడడు. "688 జెడ్‌జెడ్" అని నంబరు చెప్పాలి. చెప్పాను. కౌంటరు వెనక పెద్దాయన నిచ్చెన కూడా ఎక్కకుండా అలమర్లోంచి డబ్బా లాగాడు.

"ఎన్ని గావాలె అన్నా?"

"ఎనిమిది. ఎంఆర్105 కూడా ఓ నాలుగు ఇవ్వండి."

అది క్లచ్ బెల్లులో, అంటే క్లచ్‌ని కప్పి తిరిగే పళ్ల గిన్నెలో, వేసే బుల్లి బేరింగ్. ఐదు, పది, నాలుగు కొలత. ఇంజిన్ వేడి, క్లచ్ రాపిడి రెండూ దాని నెత్తినే. అందుకే అన్నిటికన్నా ముందు పోయేది అదే. పోయేటప్పుడు ఊరికే పోదు, బెల్లు పళ్లనూ వాటితో కలిసి తిరిగే స్పర్ గేరునూ కూడా తినేస్తుంది. అది మాత్రం స్టాకు లేదు. "సోమవారం రాండ్రి, తెప్పిస్త" అన్నాడాయన. ఆన్‌లైన్లో దొరుకుతుంది కదా అని మావాడి గొణుగుడు. దొరుకుతుంది. కానీ వేలితో తిప్పి చూసి కొనడానికి ఉండదు కదా.

సాయంత్రం మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటుకి వెళ్లాం. ఒకాయన కియోషో ఇన్ఫర్నో ఎంపీ9 అమ్ముతున్నాడు. బాడీ కొత్త పెళ్లికొడుకులా ఉంది. ఎరుపు, బంగారు రంగు స్టిక్కర్లు, నిగనిగలాడే టైర్లు. 35 వేలు చెప్పాడు. మావాడు అప్పుడే ఫోటోలు తీసేస్తున్నాడు.

నేను బాడీ పక్కన పెట్టి ఎయిర్ ఫిల్టర్ ఊడదీశాను. ఈ బండ్లలో ఫిల్టర్ అంటే రెండు పొరల స్పాంజి. దానికి జిగురుగా ఉండే ఆయిల్ పట్టించాలి, దుమ్ము అక్కడే అంటుకుపోవాలి. చేతికి పొడి స్పాంజి తగిలింది. కార్బ్యురేటర్ మూతిలో వేలు పెట్టి తిప్పితే వేలి చివర ఎర్రటి గీత. ఇంక చూడక్కర్లేదు, అయినా చూశాను. చల్లగా ఉన్న ఇంజిన్ ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పాను. ఈ ఇంజిన్లకు రింగులుండవు. పిస్టన్ ఆడే ఇత్తడి గొట్టాన్ని స్లీవ్ అంటారు, అది పైభాగాన కాస్త ఇరుకుగా ఉంటుంది, అల్యూమినియం పిస్టన్ అక్కడికి చేరేసరికి బిగుసుకోవాలి. వేడెక్కాక స్లీవ్ విచ్చుకుని సరైన సందు వస్తుంది. మంచి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైదాకా వచ్చి మొరాయిస్తుంది. ఇది నూతి గిలకలా తిరిగింది. మొరం దుమ్ము లోపలికెళ్లి రెంటినీ గీకేసిందన్నమాట.

"ఇంజిన్ ఎంత స్మూత్‌గా తిరుగుతోందో చూశారా అండీ?" అన్నాడాయన సంబరంగా.

అబద్ధమాడుతున్నాడని అనుకోను, పాపం తెలియదు. టీ తాగి వచ్చేశాం.

ఆదివారం ఏడింటికల్లా కీసర దగ్గర ఓ వెంచర్‌లో ఉన్నాం. ప్లాట్ల హద్దురాళ్లు, కంకర పోసిన రోడ్లు, ఒక్క ఇల్లూ లేదు. దూరంగా కీసరగుట్ట. ఇల్లు లేనంత కాలం ఆ స్థలం బగ్గీలు నడిపే కుర్రాళ్లది. మొరం ట్రాక్టర్లతో తెప్పించి దిమ్మలు, మలుపులు, బండ్లు ఎగిరి దూకడానికి వరసగా రెండు దిబ్బలు కట్టుకున్నారు. మా బగ్గీల కూతకి మేకల మంద ఒకటి చెదిరింది. కాపరి మొదట తిట్టి, తర్వాత కర్ర మీద గడ్డం ఆనించి మధ్యాహ్నం దాకా కదలలేదు.

అక్కడే పరిచయమయ్యాడు బాలానగర్ టూల్‌రూముల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన బండి ముగెన్ సీకీ. రంగు వెలిసిన బాడీ, టేపు అతుకులు. వచ్చీ రాగానే కారు బానెట్ ఎత్తకుండా దాని మీద పాత తుండుగుడ్డ పరిచి బగ్గీ ఇంజిన్‌ని ఆ వేడికి పెట్టాడు. చలికాలం చల్లటి ఇంజిన్‌ని ఒక్కసారిగా తిప్పితే ఆ ఇరుకు దగ్గర కనెక్టింగ్ రాడ్ నలుగుతుంది. చాలామంది హెయిర్ డ్రయ్యర్ వాడతారు. ఈయనకి దారిలో కాగిన బానెట్టే చాలు.

నా బండికి ఆయనే ఇంధనం పోశాడు. ఇంజిన్‌కి ఎంత ఇంధనం వెళ్లాలో తేల్చే స్క్రూ నీడిల్. విజయవాడలో మిట్టమధ్యాహ్నం సరిచేసిన దాన్ని నేను ముట్టుకోలేదు. బ్రహ్మాండంగా పలికింది. ఎగిరి గంతేశాను.

"గిప్పుడే సంబురపడకుండ్రి సార్. ఎండెక్కనియ్యిండ్రి" అన్నాడాయన.

పన్నెండింటికల్లా మలుపు దాటాక బండి దగ్గుతోంది, వెనక తెల్లటి పొగ. నాకు అర్థం కాలేదు. డీజిల్ పంపు మీద కూర్చుని పెరిగిన నాకు గాలి లెక్క చెప్పింది ఆయనే. మా ఊరు సముద్రానికి దాదాపు ఆనుకున్న ఎత్తు. హైదరాబాద్ సుమారు 540 మీటర్లు. ఆ ఎత్తుకే గాలి నూటికి ఐదారు పాళ్లు పలచబడుతుంది. అయితే పొద్దుటి చలి ఆ గాలిని మళ్లీ చిక్కబరిచింది, అందుకే ఏడింటికి మా ఊళ్లో ఉన్నట్టే నడిచింది. ఎండ రాగానే ఆ సాయం పోయింది. గాలి తక్కువ, ఇంధనం మాత్రం అంతే. "మీ ఇంజిన్‌కు తాగుడెక్కువైంది సార్" అని తేల్చేశాడు.

వేడి కొలిచే గన్ పెడితే ఇంజిన్ హెడ్డు 85 డిగ్రీలు. హై స్పీడ్ నీడిల్‌ని గడియారంలో గంట ముల్లు ఒక గంటలో కదిలినంత కుడివైపు తిప్పించాడు. రెండు రౌండ్లు నడిపాక మళ్లీ ఇంకోసారి అంతే తిప్పించాడు. 104. పొగ సన్నటి దారంలా మిగిలింది, కూత మారింది. నేను ఇంకాస్త తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఇందులో ఆయిల్ కూడా ఇంధనంలోనే వెళ్తుంది. ఇంధనం కోస్తే ఆయిల్ కోసినట్టే. సాయంత్రం చల్లబడ్డాక అదే నీడిల్ ఇంజిన్‌ని మాడ్చేస్తుందని, మళ్లీ వెనక్కి తిప్పాలని గుర్తు చేశాడు. ఈ మాటలు మా షెడ్డులో నేను కుర్రాళ్లకి చెప్పే పద్ధతిలోనే నాకు చెప్పడం కొంచెం గుచ్చుకుంది.

అమ్ముతారా అని మధ్యాహ్నం అడిగాను. కంటి చూపు తగ్గుతోంది, ఇద్దామనే అనుకుంటున్నానని ఒక చేతి డైరీ ఇచ్చాడు. ఏ తేదీన ఎంత ఇంధనం తాగింది, ఏ డిఫరెన్షియల్లో ఏ చిక్కదనం సిలికాన్ ఆయిల్ పోశాడు, క్లచ్ బేరింగులు ఎప్పుడు మార్చాడు, అన్నీ ఉన్నాయి. ఫిల్టర్ వేలికి అంటుకుంది. లోపల తెల్లకాగితం తిప్పినా మరక లేదు. ఫ్లైవీల్ పైదాకా వచ్చి మొరాయించింది. చాసిస్ అడుగున మాత్రం బాగా అరిగింది, రెండు స్క్రూల తలలు కరిగిపోయి ఉన్నాయి. అది దాచకుండా ఆయనే బోర్లించి చూపించాడు. 22 వేలకి బేరం కుదిరింది, పైన నాలుగు ఎంఆర్105లు ఊరికే ఇచ్చాడు.

ఇంధనం మొత్తం మండిపోయేదాకా ఇంజిన్ నడిపి, కార్బ్యురేటర్లో నాలుగు చుక్కల ఆయిల్ వేశాం. మిథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, మిగిల్చితే వారానికల్లా ఇంజిన్ లోపలి వెనక బేరింగ్ తుప్పే. ట్యాంకు మూత తెరిచిపెట్టి ఎండలో ఆరబెట్టాం. మావాడు ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్ ఎలా వెలుగుతుందో అడిగి అడిగి తెలుసుకున్నాడు. ఒకటిన్నర వోల్టు ఇచ్చి ఒక్కసారి ఎర్రబడేలా చేస్తే చాలు, తర్వాత ఆ ప్లాటినం తీగ మిథనాల్ తగిలి తనంతట తనే రగులుతూ ఉంటుందనేసరికి నోరు తెరిచాడు. వాడికీ పట్టుకుంది జబ్బు.

రాత్రి సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద మావాడు ఇడ్లీ పొట్లాలు తేవడానికెళ్లాడు. బెంచీ మీద కూర్చుని డైరీ తిరగేస్తుంటే ఒక పేజీ అడుగున ఎర్రసిరాతో "పిస్టన్ కిందికి" అని రాసి రెండు గీతలు. గుండె జారింది. ఆఖరిసారి ఆపాక పిస్టన్‌ని కిందికి దించానా? పైన ఇరుకులో వదిలేస్తే చల్లారిన స్లీవ్ దాన్ని పట్టేసి ఉంటుంది. సూట్‌కేసు అక్కడే తెరిచి, స్పాంజి పీకి, బండి తలకిందులు చేసి పిస్టన్ ఎక్కడుందో చెప్పే ఫ్లైవీల్ మీది తెల్ల గుర్తు కోసం సెల్‌ఫోన్ లైటు వేశాను.

పక్క బెంచీ మీది పెద్దావిడ మనవడికి చూపిస్తోంది. "చూడు నాన్నా, తాతగారు బొమ్మ బాగు చేస్తున్నారు."