కాలేజీ ఇంక్యుబేటర్‌లో నన్ను ఏడిపించింది ఒక్క ఒప్పందం: నా అనుభవం

మా బిజినెస్ స్కూల్ ఇంక్యుబేటర్‌లో, అంటే విద్యార్థులు కొత్త కంపెనీలు పెట్టుకోవడానికి చోటూ సలహాలూ ఇచ్చే కేంద్రంలో, చేరే విద్యార్థుల కంపెనీలతో కాలేజీ చేసుకునే ఒప్పందానికి ఈ వారమే ఆమోదం వచ్చింది. అందులో కీలకమైనవి రెండే మాటలు. విద్యార్థి సొంతంగా తయారుచేసింది విద్యార్థికే చెందుతుంది. డబ్బు పెట్టకుండా కాలేజీ కంపెనీలో వాటా అడగదు. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. వీటి కోసం నేను పడ్డ మాటలు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఇలాంటి బాధ్యత తీసుకోబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని వేడి తగ్గకముందే రాస్తున్నాను.

నేను పాఠాలు చెప్పి వచ్చినదాన్ని కాదు. కంపెనీల్లో పనిచేసి, ఇంక్యుబేటర్‌కి డైరెక్టర్‌గా వచ్చాను. మొదట్లో అన్నీ చకచకా జరిగిపోయాయి. లైబ్రరీ పక్కన ఖాళీగా ఉన్న హాలు ఇచ్చారు. పూర్వ విద్యార్థులకి ఒక మెయిల్ పెడితే మెంటర్లుగా రావడానికి చాలామంది ముందుకొచ్చారు. జట్ల ఎంపికలో కూడా పెద్ద ఇబ్బంది రాలేదు. స్లైడ్లు తర్వాత చూపించండి, ముందు మీ వస్తువు ఎవరు కొంటారో వాళ్ళతో మాట్లాడి రండి అన్నాను. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ శిక్షణలో ఒక్కో జట్టు దాదాపు 100 మంది కస్టమర్లతో మాట్లాడాలి. మా పిల్లలకి అంత పెట్టలేదు కానీ, పద్ధతి అదే. సగం మంది మాట్లాడకుండానే మానేశారు. మిగిలినవాళ్ళు నిజంగా పనిచేసేవాళ్ళు.

అసలు కథ ఒప్పందం దగ్గర మొదలైంది. నేను రాకముందే లీగల్ ఆఫీసు తయారుచేసిన ముసాయిదా ఒకటి ఫైల్లో ఉంది. కాలేజీ వనరులు వాడి రూపొందించిన ప్రతిదానిమీదా హక్కు కాలేజీదేనని ఒక నిబంధన. ప్రతి కంపెనీలో కాలేజీకి 10 శాతం వాటా ఉంటుందని, అది ఎప్పటికీ తగ్గకూడదని ఇంకో నిబంధన. వనరులంటే ఏమిటని అడిగితే హాలు, కుర్చీ, ఇంటర్నెట్ అన్నీ వనరులే అన్నారు. అంటే హాస్టల్ వైఫైలో రాసిన ప్రోగ్రాం కూడా కాలేజీదే అవుతుంది.

ఇందులో తప్పేమిటో కాస్త వివరంగా చెప్పాలి. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసిన పని మామూలుగా యజమానికి చెందుతుంది, దానికి జీతం తీసుకుంటున్నాడు కాబట్టి. విద్యార్థి జీతం తీసుకోడు, ఎదురు ఫీజు కడతాడు. ఫీజు కట్టి వాడుకున్న కుర్చీకి బదులుగా అతని ఆలోచన రాయించుకోవడం ఏ న్యాయం? దీనిమీద నాకు ఈరోజుకీ కోపమే.

ఎప్పటికీ తగ్గని వాటా అంతకన్నా ప్రమాదం. లెక్క చూడండి. స్థాపకులకు 90, కాలేజీకి 10 ఉన్నాయనుకుందాం. ఒక ఇన్వెస్టర్ వచ్చి 20 శాతం తీసుకుంటే మామూలుగా అందరి వాటా సమానంగా తగ్గి స్థాపకులకు 72, కాలేజీకి 8 మిగులుతాయి. కాలేజీ వాటా తగ్గకూడదంటే స్థాపకులకు 70 మాత్రమే. రెండోసారి ఇంకో 20 శాతం పోతే, మామూలు లెక్కలో స్థాపకులకు 57.6 ఉండాల్సింది 54కి పడిపోతుంది. పనిచేసేది వాళ్ళు, కరిగిపోయేది వాళ్ళ వాటా. అనుభవమున్న ఇన్వెస్టర్ ఎవరైనా క్యాప్ టేబుల్లో, అంటే కంపెనీలో ఎవరికెంత వాటా ఉందో చూపే పట్టికలో, ఇలాంటి పంక్తి చూస్తే ముందు దాన్ని తీసేసి రమ్మంటాడు. అప్పటికి కాలేజీలో ఆ ఫైలు కదిలించడానికి ఎవరూ ఉండరు.

ఈ లెక్కే తీసుకుని, ఒప్పందాన్ని ఆమోదించాల్సిన కాలేజీ కమిటీకి వెళ్ళాను. ఆ మీటింగ్ నేను మర్చిపోలేను. నా అంశం చివర్లో పెట్టారు. పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తీరా లోపలికి వెళ్ళి బోర్డు మీద రెండు గీతలు గీసేలోపే లీగల్ ఆఫీసర్ గారు, "మేడమ్, మీ పని గదులు కేటాయించడం. హక్కుల సంగతి మేము చూసుకుంటాం" అన్నారు. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు నాకు పీహెచ్‌డీ ఉందా అని అడిగారు. లేదన్నాను. ఆయన తల ఊపి కాగితాల్లోకి చూసుకున్నారు. ఇంకెవరూ ఏమీ అనలేదు, డీన్ గారితో సహా. ముందు రోజు నాతో "మీరు చెప్పండి, నేను ఉన్నాను" అన్న మనిషే ఆయన.

నన్ను అన్నవి నేను దిగమింగుకున్నాను. తర్వాత జరిగింది దిగలేదు. ఉదాహరణ కోసం నేను తీసుకెళ్ళిన ఇద్దరు విద్యార్థుల్ని లోపలికి పిలిచి, మీరు కాలేజీ కంప్యూటర్ వాడలేదని రుజువు చేయగలరా అని అడిగారు. దొంగతనం చేసి దొరికినట్టు నిలబడ్డారు ఆ పిల్లలు. అందులో ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ కొన్న రసీదు ఫోన్లో వెతుకుతోంది, చేతులు వణుకుతున్నాయి. ఆమెను ఆపమన్నాను. వాళ్ళు ఏమీ నిరూపించాల్సిన అవసరం లేదు, అడిగేవాళ్ళే నిరూపించాలని గట్టిగా అన్నాను. మీటింగ్ అక్కడితో ముగించారు. "తదుపరి పరిశీలనకు" అని మినిట్స్‌లో రాశారు.

పెద్దవాళ్ళు పిల్లల్ని కొత్తది చేయమంటారు, స్టేజీ మీద పొగుడుతారు, ఫొటోలు దిగుతారు. చేసిన మొదటి రోజే అది మాది అంటారు. కాలేజీ అన్నది ముందు నమ్మకం ఇవ్వాలి. నమ్మకం లేనిచోట తెలివైన విద్యార్థి తన ఆలోచన బయటికి చెప్పడు, డిగ్రీ అయ్యాక బయటికెళ్ళి చేసుకుంటాడు. మా దగ్గర అదే జరుగుతోందని విద్యార్థులే నాతో చెప్పారు.

ఆ తర్వాత కమిటీలో ఒక్కొక్కరినీ వాళ్ళ గదుల్లో కలిశాను. ఇది అందరికీ చెప్పే సలహా: మీటింగ్‌లో ఎవరి మనసూ మారదు, అందరి ముందు మాట వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం. ఒంటరిగా కూర్చుంటే అసలు భయమేమిటో బయటపడుతుంది. ఫైనాన్స్ ఆఫీసర్ గారి వాదన, కొత్త కంపెనీలకి డబ్బూ శిక్షణా ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 7 శాతం తీసుకుంటుంది కదా, మనం 10 అడిగితే తప్పేమిటని. ఆ 7 శాతానికి వాళ్ళు 1,25,000 డాలర్లు చేతికిస్తారు, 2022 నుంచి దానిపైన ఇంకో 3,75,000 డాలర్లు వేరే షరతులతో పెడుతున్నారు, మనం హాలు తాళం ఇస్తున్నాం అని చెప్పాను. ఆయన నవ్వలేదు కానీ రాసుకున్నారు. ఇంకొకరు ఇంక్యుబేటర్ అంటేనే వాటా తీసుకునేదని నమ్ముతున్నారు. 1959లో అమెరికాలోని బటావియాలో జోసెఫ్ మాన్‌కూసో మొదలుపెట్టిన మొదటి ఇంక్యుబేటర్ గురించి ఆయనకి చెప్పాను. మూతపడిన పెద్ద ఫ్యాక్టరీ భవనాన్ని ముక్కలుగా చిన్న వ్యాపారాలకి అద్దెకిచ్చి, వాళ్ళు నిలదొక్కుకోవడానికి సలహాలిచ్చాడు. అంటే ఈ పద్ధతి పుట్టిందే అద్దెతో, సాయంతో. ఆ మాట ఆయనకి నచ్చింది.

లీగల్ ఆఫీసర్ గారి భయం వేరు. రేపు ఎవరైనా పరిశోధన నిధులతో చేసిన ఆవిష్కరణను విద్యార్థి పనిగా చూపించి పట్టుకుపోతే తనను అడుగుతారని. ఇది న్యాయమైన భయమే, మొదటిరోజే చెప్పి ఉంటే ఇన్ని మాటలు అవసరమయ్యేవి కావు. ముసాయిదాను నేనే మూడుగా విడగొట్టి రాశాను. విద్యార్థి సొంతంగా, లేదా క్లాసు ప్రాజెక్టుగా చేసింది విద్యార్థిది. పరిశోధన గ్రాంటుతో, లేదా ల్యాబులో జీతం తీసుకుంటూ చేసింది కాలేజీ మామూలు నియమాల ప్రకారం. అధ్యాపకులతో కలిసి చేసింది మొదలుపెట్టే ముందే రాసుకున్న కాగితం ప్రకారం. హాలు, ఇంటర్నెట్, లైబ్రరీ వాడుకున్నంత మాత్రాన కాలేజీకి హక్కు రాదని విడిగా ఒక వాక్యం పెట్టాను. కాలేజీకి ఎప్పుడైనా డబ్బు పెట్టాలనిపిస్తే అందరు ఇన్వెస్టర్లలాగే పెట్టొచ్చు, వాటా కూడా అందరిలాగే తగ్గుతుంది. పూర్వ విద్యార్థుల్లో పెట్టుబడులు పెట్టే ఒకరి దగ్గర, యాజమాన్య హక్కులు స్పష్టంగా లేని కంపెనీలో తాను డబ్బు పెట్టనని ఉత్తరం రాయించి దానికి జతచేశాను. నా మాటకన్నా ఆ ఉత్తరమే ఎక్కువ పనిచేసింది. డబ్బున్నవాళ్ళ మాట కాలేజీల్లో త్వరగా వినిపిస్తుంది, ఇది నాకు నచ్చకపోయినా ఉన్నమాట.

చివర్లో అడ్డం పడింది, నా పీహెచ్‌డీ గురించి అడిగిన ప్రొఫెసర్ గారే. గైడ్‌గా ఉన్నందుకు అధ్యాపకులకి కూడా కంపెనీలో కొంత వాటా రాయాలన్నారు. మార్కులు వేసే చేత్తో వాటా పుచ్చుకోవడం కుదరదని తేల్చిచెప్పాను. ఒక అధ్యాపకుడు నిజంగా సహ స్థాపకుడైతే ఆ విద్యార్థి మార్కులు వేరొకరు వేయాలి, వాటా కూడా స్థాపకులందరిలాగే నాలుగేళ్ళ వెస్టింగ్, మొదటి ఏడాది క్లిఫ్‌తో రావాలి. అంటే ఏడాది పూర్తికాకుండా వదిలేస్తే ఏమీ రాదు, ఆ తర్వాత పనిచేసిన కాలానికి తగ్గట్టు వస్తుంది. ఈ నియమం పెట్టాక సహ స్థాపకులవుతామన్న అధ్యాపకులు బాగా తగ్గారు. నిజంగా పనిచేసేవాళ్ళు మిగిలారు, వాళ్ళంటే నాకు గౌరవం.

ఈసారి కమిటీలో చర్చ పది నిమిషాలు కూడా నడవలేదు. లీగల్ ఆఫీసర్ గారే చదివి వినిపించారు, తానే రాసినట్టు. నాకేం బాధలేదు. పని నేను చేశానని ఆ హాల్లో కూర్చునే ప్రతి జట్టుకీ తెలుసు, అది గర్వంగానే చెప్పుకుంటాను.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. డీన్ మద్దతు నోటిమాటగా తీసుకోకండి, ఒక మెయిల్‌లో రాయించుకోండి. పాత ముసాయిదాలో "కాలేజీ వనరులు" అన్నచోట అర్థం వివరించారో లేదో మొదటి రోజే చూడండి. స్థాపకులు ఎంత స్నేహితులైనా వాటాలు, వెస్టింగ్ కాగితం మీద పెట్టించకుండా హాల్లో సీటు ఇవ్వకండి. అకౌంట్స్ విభాగంతో మెంటర్ల ప్రయాణ ఖర్చుల గురించి ముందే మాట్లాడుకోండి, మావి ఇంకా పాస్ కాలేదు. రసీదు అతికించే ఫారం మారిందట, సోమవారం మళ్ళీ వెళ్ళాలి. మీటింగ్‌లో చేతులు వణికిన ఆ అమ్మాయి కంపెనీ ఒప్పందం మాత్రం అన్నిటికన్నా ముందు సంతకాలకి పంపించేశాను.